పిల్లల చేతి వాటం: అలవాటు చేస్తే మారుతుందా?

సత్యనారాయణపురం అమ్మ (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా బాబుకి నాలుగున్నరేళ్లు, ఎల్‌కేజీ. వాడిది పుర్రచేతి వాటమని రెండేళ్లప్పుడే అనుమానం వచ్చింది. బంతి విసిరినా, డబ్బా మూత తీసినా, గోడ మీద గీతలు గీసినా ఎడం చెయ్యే. అన్నం మాత్రం కుడిచేత్తో తింటాడు, అది మా అత్తయ్యగారి పట్టుదల. దసరాల్లో మూలా నక్షత్రం రోజున కొండ మీద అక్షరాభ్యాసం చేయించాం. పంతులుగారు కుడిచెయ్యి పట్టుకుని బియ్యంలో రాయించారు. ఇంటికొచ్చి పలక ఇస్తే బలపం ఎడంచేతిలోకి మార్చుకున్నాడు.

ఇప్పుడు స్కూల్లో మిస్ "ఇప్పుడే కుడికి మార్చేయండి, ఒకటో క్లాసుకి వెళ్లాక కష్టం" అంటున్నారు. అత్తయ్యగారిదీ అదే మాట. రోజూ కాసేపు కూర్చోబెట్టి రాయిస్తే చెయ్యి దానంతటదే తిరుగుతుందట. మావారేమో "వాడి మానాన వాణ్ని వదిలెయ్" అనేసి ఆఫీసుకి వెళ్లిపోతారు. హోంవర్క్ దగ్గర కూర్చునేది నేను కాబట్టి టెన్షన్ కూడా నాదే.

వాటం పుట్టుకతో వస్తుందా, మనం చేయించే అలవాటుతో వస్తుందా? అలవాటుతోనే అయితే ఇప్పుడే మొదలుపెడతాను. కాకపోతే పిల్లాణ్ని ఏడిపించడం దేనికి? తెలిసినవాళ్లు చెప్పండి.

పటమట శీను (విజయవాడ)

మార్చేయండి మేడమ్, ఏం కాదు. నన్నూ చిన్నప్పుడు మార్చారు. ఇప్పుడు కుడిచేత్తోనే రాస్తాను, సంతకం చూసి బ్యాంకువాళ్లు మెచ్చుకుంటారు కూడా. క్యారమ్స్ మాత్రం ఎడంచేత్తో ఆడతాను, ఎదుటివాళ్లు తికమక పడతారు. ఏం పోయింది నాకు? లోకమంతా కుడిచేతివాళ్ల కోసం కట్టి ఉంది. పరీక్ష హాల్లో కుర్చీకి రాతపలక కుడివైపే ఉంటుంది. కత్తెర కుడిచేతిదే. కొట్లో బోణీ వేళ ఎడంచేత్తో డబ్బులిస్తే ఆ కొట్టాయన మొహం చూడాలి. చిన్నప్పుడు నాలుగు రోజులు ఏడిస్తే జీవితాంతం హాయి.

గాంధీగారు చూడండి, రెండు చేతులతోనూ రాశారు. అలవాటు చేస్తే రానిదేముంది?

బ్రాడీపేట పంతులు (గుంటూరు)

అమ్మా, నేను ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. పలకల కాలం నుంచి నోటుబుక్కుల కాలం దాకా చూశాను. మా తరం పంతుళ్లు పుర్రచెయ్యి కనిపిస్తే వేళ్ల మీద స్కేలుతో ఒక్కటి వేసేవాళ్లు. అందుకే మా ఈడువాళ్లలో ఎడంచేత్తో రాసేవాళ్లు అరుదు, ఇప్పటి పిల్లల్లో ప్రతి క్లాసులోనూ ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. పుట్టే పిల్లలు మారలేదు, కొట్టే పంతుళ్లు తగ్గారు.

నేను గమనించింది ఒకటి చెప్తాను. మార్చిన పిల్లలు కుడిచేత్తో రాస్తారు, నిజమే. కానీ పలక తుడవమనండి, ఎడంచెయ్యి ముందుకొస్తుంది. గోలీ కొట్టమనండి, మామిడికాయ మీదికి రాయి విసరమనండి, అప్పుడూ ఎడమే. ఎవరూ దగ్గర కూర్చుని నేర్పని పనులన్నీ పాత చేతిలోనే ఉండిపోతాయి. శీనుగారి క్యారమ్స్ ఆ బాపతే.

ఇంకొకటి. కుడికి మార్చమన్న పిల్లాడు రాయడం మొదలుపెట్టినప్పుడు ఏం రాస్తున్నాడో వాడికి పట్టదు, ఎలా పట్టుకున్నాడో అదే చూసుకుంటూ ఉంటాడు. పక్కవాడు గుణింతాలు దాటిపోతాడు. వీడు "క" దగ్గర తలకట్టు ఎటు గీయాలా అని ఆగిపోతాడు. తెలివి తక్కువై కాదు. ఒకేసారి రెండు నేర్చుకోమంటున్నాం వాణ్ని.

ఫిజియో లక్ష్మీపురం (గుంటూరు)

పిల్లల ఫిజియోథెరపీ నా వృత్తి. ఈ ప్రశ్న మా దగ్గరికి తరచూ వస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందు పుట్టుక సంగతి. బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో పీటర్ హెప్పర్ బృందం గర్భంలో ఉన్న శిశువులు ఏ బొటనవేలు చీకుతున్నారో అల్ట్రాసౌండ్‌లో చూసింది. పదిహేను వారాల వయసుకే ఎక్కువమంది కుడి వేలు చీకుతున్నారు. వాళ్లలో 75 మందిని పది పన్నెండేళ్లు వచ్చాక మళ్లీ కలిసి 2005లో ఫలితం ప్రచురించారు. కుడి వేలు చీకిన 60 మందీ కుడిచేతివాళ్లే అయ్యారు. ఎడమ వేలు చీకిన 15 మందిలో పదిమంది ఎడమచేతివాళ్లయ్యారు, ఐదుగురు కుడికి వచ్చారు. అంటే బలపం ముట్టుకోకముందే, అత్తయ్యగారు ముద్ద పెట్టకముందే మొగ్గు ఉంది. కానీ ఆ ఐదుగుర్ని కూడా మర్చిపోకూడదు. పుట్టుక మొగ్గు చూపిస్తుందే గాని గీత గీసి ఆపేయదు.

పుట్టాక అలవాటు తన పని మొదలుపెడుతుంది. పసిపిల్లలు వెల్లకిలా పడుకున్నప్పుడు చాలామంది తల కుడివైపు తిప్పుతారు. ఎటు తిప్పితే ఆ వైపు చెయ్యే కళ్లముందు ఉంటుంది. దాన్నే చూస్తారు, దాన్నే ఆడిస్తారు. తర్వాత వస్తువు అందుకునేటప్పుడు ఎక్కువగా అదే చెయ్యి ముందుకొస్తుందని జార్జ్ మిషెల్ 1981లో చూపించారు. వాడిన చెయ్యి నేర్పు సంపాదిస్తుంది, నేర్పున్న చేతినే ఇంకా వాడతారు. చిన్న తేడా ఇలా పెద్దదవుతుంది. మొదటి రెండేళ్లలో చెయ్యి అటూ ఇటూ మారుతూ ఉండటం మామూలే. మూడు నాలుగేళ్లకు చాలామందిలో స్థిరపడుతుంది. మీ బాబు వయసుకి దాదాపు తేలిపోయినట్టే.

కాబట్టి అలవాటు ఏమీ చెయ్యదనడం తప్పు. ఏ పని చేయిస్తే ఆ పనిలో నేర్పు పెంచుతుంది. చెయ్యని పనులకు ఆ నేర్పు పాకడం మాత్రం చాలా తక్కువ. పంతులుగారు గోలీల దగ్గర చూసింది అదే.

పటమట శీను

అలవాటుతో నేర్పు వస్తుందని మీరే అంటున్నారు కదా డాక్టర్‌గారూ. అయితే నా మాటే నెగ్గినట్టు! మావాడొకడు చెప్పాడు, చైనావాళ్లలో ఎడంచేత్తో రాసేవాళ్లే ఉండరట. మరి వాళ్లు పుట్టుకతోనే అందరూ కుడిచేతివాళ్లా?

ఫిజియో లక్ష్మీపురం

నేను డాక్టర్ని కాదండీ, థెరపిస్టుని.

చైనా సంగతి మంచి ఉదాహరణే, కాకపోతే రెండువైపులా పదునున్నది. తైవాన్‌లోని చైనీస్ విద్యార్థుల మీద 1976లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఎడంచేత్తో రాసేవాళ్లు 0.7 శాతం. ఎడంచేత్తో చాప్‌స్టిక్స్ పట్టేవాళ్లు 1.5 శాతం. అంటే బడి, భోజనం రెండింటి మీదా పెద్దల కన్ను ఉంది, ఆ రెండూ కుడికి తిరిగాయి. అమెరికాలో పెరిగిన తూర్పు ఆసియా పిల్లల్లో ఎడంచేత్తో రాసేవాళ్లు అంతకంటే ఎన్నో రెట్లు. ఒత్తిడి తీసేస్తే దాగి ఉన్నది బయటపడింది. ప్రపంచం మొత్తం మీద 23 లక్షలకు పైగా మందిని కలిపి 2020లో లెక్కకడితే ఎడమచేతివాళ్లు 10.6 శాతం వచ్చారు. మన దగ్గర పట్టిక రాసుకుంటే రాసే చెయ్యి ఒక లెక్క చూపిస్తుంది, విసిరే చెయ్యి ఇంకో లెక్క చూపిస్తుంది. రాసే చెయ్యి ఒక్కటే చూసి వాటం తేల్చకూడదనేది అందుకే. 1971లో ఓల్డ్‌ఫీల్డ్ తయారుచేసిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో రాయడంతో పాటు విసరడం, కత్తెర, పళ్లు తోముకోవడం, అగ్గిపుల్ల గీయడం, చీపురు పట్టినప్పుడు పైన ఉండే చెయ్యి, ఇలా పది పనులు అడుగుతారు.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

చదువుకున్నవాళ్లు చాలా చెప్పారు. నేను షెడ్డు సంగతి చెప్తాను. మా దగ్గరికి కుర్రాళ్లు పని నేర్చుకోడానికి వస్తారు. లేత్ (ఇనప ముక్కను తిప్పుతూ చెక్కే యంత్రం) మీద నిలబెడితే ఎడంచెయ్యి క్యారేజీ చక్రం తిప్పాలి, కుడిచెయ్యి క్రాస్ స్లైడ్ తిప్పాలి. అక్కడ కుడివాటం, ఎడమవాటం అనేది చెల్లదు, రెండు చేతులూ పని చెయ్యాలి. కుడివాటం కుర్రాడికి మొదట్లో ఎడంచెయ్యి కుదుపులు కుదుపులుగా తిరుగుతుంది, పీసు మీద గీతలు పడతాయి. కొన్నాళ్లకి చక్రం నూనె పోసినట్టు తిరుగుతుంది. అదే కుర్రాణ్ణి ఎడంచేత్తో సుత్తి పట్టుకోమనండి, వేలు చితక్కొట్టుకుంటాడు. చక్రం తిప్పడం వచ్చింది గాని చెయ్యి మొత్తం మారలేదు.

ఎడమవాటం కుర్రాడు వస్తే నేను గ్రైండర్ సైడ్ హ్యాండిల్ విప్పి రెండో పక్క బిగిస్తాను. అంతే ఖర్చు. బలవంతంగా కుడిచేత్తో గ్రైండర్ పట్టిస్తే ఒకరోజు కాకపోతే ఒకరోజు ప్రమాదమే. రాత అయితే వంకర పోతుంది, ఇక్కడ వేళ్లు పోతాయి.

శీనూ, నీ క్యారమ్స్ ఒకసారి మా షెడ్డు దగ్గర చూపించు. పుర్రచేతి కుర్రాడొకడున్నాడు, నువ్వు తికమక పడతావు.

పటమట శీను

వస్తా బాబాయ్, ఆదివారం. రెడ్ నాదే.

సత్యనారాయణపురం అమ్మ

అందరికీ చాలా థాంక్స్ అండి. ఎడిన్‌బరో ప్రశ్నలు మా వాడి మీద ఆటలాగా చూశాను. బ్రష్, బంతి, చెంచా, డబ్బా మూత అన్నీ ఎడమే. కత్తెర మాత్రం కుడిచేతిలో పెట్టుకుంటున్నాడు, ఎడంచేత్తో పట్టుకుంటే కాగితం తెగడం లేదు.

అత్తయ్యగారికి ఈ పోస్టులన్నీ చదివి వినిపించాను. ఆవిడ ఒక ప్రశ్న వేశారు, నాకు జవాబు తెలియలేదు. "మన ఇంట్లో రెండువైపులా ఎవరికీ పుర్రచెయ్యి లేదు, మరి వీడికెక్కడి నుంచి వచ్చింది? మనం పట్టించుకోక వచ్చిందే" అని.

జువాలజీ మాస్టారు (గుంటూరు)

పెద్దావిడ ప్రశ్న చాలా మంచిది. నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్తాను కాబట్టి ఎలుకల నుంచి మొదలుపెడతాను.

అమెరికాలో రాబర్ట్ కాలిన్స్ అనే ఆయన గొట్టంలోంచి మేత తీసుకునేటప్పుడు చిట్టెలుకలు ఏ కాలు చాపుతాయో చూశారు. ఒక్కో ఎలుకకూ ఒక ఇష్టమైన కాలు ఉంది. సగం కుడి, సగం ఎడమ. ఎడమవాటం ఎలుకల్ని తరతరాలుగా జతకట్టించినా పిల్లల్లో సగం సగమే వచ్చాయి. తర్వాత గొట్టాన్ని గోడకు ఒక పక్కగా జరిపారు, కుడికాలితో తీసుకోవడం తేలికయ్యేలా. అప్పుడు పదింట తొమ్మిది కుడివయ్యాయి. ఒకటి మాత్రం ఎంత ఇబ్బందైనా ఎడంకాలే చాపింది. 1975లో ఈ ఫలితం వచ్చింది. ఎలుకలో అలవాటుకు, పరిసరానికి ఉన్న బలం చూడండి. అంత బలానికీ లొంగని ఆ ఒక్కదాన్నీ చూడండి.

మనుషులు ఎలుకల్లా సగం సగం కాదు, అన్ని సమాజాల్లోనూ కుడివైపే మొగ్గు. కవలల మీద జరిగిన పెద్ద అధ్యయనాల్లో తేలిందేమంటే, వాటంలో జన్యువుల వాటా సుమారు నాలుగో వంతు. 17 లక్షల మందికి పైగా డీఎన్ఏ చూసిన 2020 నాటి పనిలో ఎడమవాటంతో సంబంధమున్న చోట్లు 41 దొరికాయి, ఒక్కోదాని ప్రభావం ఇసుమంత. "పుర్రచెయ్యి జన్యువు" అని ఒకటి లేదు. అందుకే తల్లిదండ్రులిద్దరూ కుడివాళ్లయినా పదిమంది పిల్లల్లో ఒకరు దాకా ఎడమవాళ్లు పుడతారు. లెక్కకు ఎడమచేతి పిల్లల్లో ఎక్కువమంది కుడిచేతి దంపతుల ఇళ్లలోనే ఉంటారు. ఒకే పోలిక కవలల్లో కూడా సుమారు ఐదు జంటలకు ఒక జంటలో ఒకరిది కుడి, ఒకరిది ఎడమ.

అత్తయ్యగారికి ఇది ప్రత్యేకంగా చెప్పండి: ఆ కవలల లెక్కల్లోనే, ఒక ఇంట్లో పెరిగినందువల్ల, అంటే ఆ ఇంటి పెంపకంవల్ల వాటం మీద పడే ప్రభావం దాదాపు సున్నా వచ్చింది. మీరు పట్టించుకున్నా పట్టించుకోకపోయినా వాడు ఇలాగే ఉండేవాడు. మిగిలిన ముప్పాతిక వంతు చాలావరకు గర్భంలో మెదడు ఎదిగేటప్పుడు జరిగే యాదృచ్ఛికం అని అనుకుంటున్నారు.

కృష్ణలంక కెప్టెన్ (విజయవాడ)

క్రికెట్ లేకుండా ఈ చర్చ ఎలా ముగుస్తుంది? సచిన్ ఎడంచేత్తో రాస్తాడు, కుడిచేత్తో బ్యాటింగ్, కుడిచేత్తో బౌలింగ్. గంగూలీ కుడిచేత్తో రాస్తాడు, బౌలింగ్ కుడి, బ్యాటింగ్ ఎడమ. వాళ్లన్నయ్య ఎడంచేతి బ్యాట్స్‌మన్, ఆయన కిట్ వాడుకోవచ్చని అలా మొదలుపెట్టాడని అందరికీ తెలిసిన కథే. టెన్నిస్‌లో నాడల్ రాసేది కుడిచేత్తో, ఆడేది ఎడంచేత్తో. చిన్నప్పుడు ఎటు నిలబెట్టి సాధన చేయిస్తే అటే ఆ ఆట కుదురుతుంది. శీను అన్నకి నా ఓటు.

కాకపోతే ఒక మెలిక. బ్యాట్ రెండు చేతుల పని. ఎడమ స్టాన్స్‌లో పైన పట్టేది కుడిచెయ్యే, డ్రైవ్ కొట్టేటప్పుడు బ్యాట్‌ని నడిపేది పైచెయ్యే. కాబట్టి గంగూలీ కుడిచెయ్యి ఖాళీగా ఏమీ కూర్చోలేదు. మా అకాడమీలో కోచ్‌లు ఇప్పుడు పిల్లల్ని రెండువైపులా నిలబెట్టి చూసి, ఎటు సుఖంగా ఉంటే అటు వదిలేస్తున్నారు.

కచేరీ పిచ్చోడు (విజయవాడ)

సంగీతంలో ఇంకో చిత్రం. మృదంగంలో రెండు ముఖాలూ వేరు, శబ్దం వేరు. కరణ (నల్లటి ముద్ద) ఉన్న ముఖం కుడిచేతివాళ్లకు కుడివైపు ఉంటుంది, వేళ్లతో సన్నని పనంతా అక్కడే. ఎడమవాటం విద్వాంసులు వాయిద్యాన్నే తిప్పి పెట్టుకుంటారు. అప్పుడు వేదిక మీద వయొలిన్, మృదంగం స్థానాలు మార్చుకుంటారు, ఆ ముఖం శ్రోతలవైపు ఉండాలి కాబట్టి. ఒక మనిషి వాటం కోసం కచేరీ మొత్తం సర్దుకుంటుంది.

వయొలిన్‌లో మాత్రం అలా కుదరదు. ఎడమవాటం పిల్లలు కూడా అందరిలాగే కమాను కుడిచేత్తో పట్టి నేర్చుకుంటారు. తీగల మీద పరిగెత్తే వేళ్లు ఎడంచేతివే కదా, ఇంకా లాభం అంటారు కొందరు గురువులు. నిజమో కాదో గాని పిల్లలు వింటే హుషారుగా ఉంటారు.

అరండల్‌పేట అక్క (గుంటూరు)

శీను గారు "నాలుగు రోజులు ఏడిస్తే" అన్నారు చూడండి, ఆ మాట దగ్గర ఆగిపోయాను. నాది పుర్రచెయ్యి. మా స్కూల్లో (పేరెందుకులెండి) ఎడంచేతిని బెంచీ కింద పెట్టుకోమనేవాళ్లు. పైకి తీస్తే నిలబెట్టేవాళ్లు. రాత వచ్చింది, ఫస్టు క్లాసు కూడా వచ్చింది. కానీ ఇప్పటికీ తొందరలో ఎవరైనా "కుడివైపు తిరుగు" అంటే ఒక్క క్షణం తడుముకుంటాను. స్కూటీ నడిపేటప్పుడు మా ఆయన వెనక నుంచి నవ్వుతాడు.

రాసేది కుడిచేత్తో, కూరగాయలు తరిగేది ఎడంచేత్తో. ముగ్గు ఎడంచేత్తోనే. సంక్రాంతికి మా వీధిలో పెద్ద ముగ్గు వేస్తే అందరూ చుట్టూ చేరి చూస్తారు, చుక్కలు కుడినుంచి ఎడమకి పెట్టుకుంటూ పోతానని. ముగ్గు పెట్టడం నాకు ఎవరూ నేర్పలేదు, అమ్మ పక్కన కూర్చుని చూసి పట్టుకున్నాను. నేర్పినది ఒక చేతికి పోయింది, చూసి పట్టుకున్నది ఇంకో చేతికి పోయింది.

ఇంకో సంగతి అడగాలి. మార్చితే నత్తి వస్తుందని మా పిన్ని అంటుంది. ఇంగ్లండు రాజు ఆరో జార్జిని అలాగే మార్చారట, ఆయనకు నత్తి వచ్చిందట. ఇది నిజమేనా?

ఫిజియో లక్ష్మీపురం

అక్కగారూ, ఆరో జార్జిని చిన్నప్పుడు కుడికి మార్చారని, ఆయనకు నత్తి ఉండేదని రెండూ చెప్తారు. ఒకదానివల్ల ఒకటి వచ్చిందని మాత్రం రుజువు కాలేదు. 1920లు, 30లలో కొందరు నిపుణులు ఆ సిద్ధాంతాన్ని గట్టిగా నమ్మారు, తర్వాత అది నిలబడలేదు. భయపెట్టి, అవమానించి నేర్పితే ఏ పిల్లకైనా మాట తడబడొచ్చు, అది వేరే సంగతి. బాబు తల్లిని నత్తి పేరు చెప్పి భయపెట్టొద్దు.

మెదడులో ఏం జరుగుతుందో కొంత తెలుసు. చిన్నప్పుడు కుడికి మార్చిన ఎడమవాటం పెద్దవాళ్లని జర్మనీలో స్కాన్‌లలో చూశారు, 2007లో ఒక వ్యాసం వచ్చింది. కుడిచేతిని ఆడించేది మెదడు ఎడమవైపు. వీళ్లలో నేరుగా కండరాలకు ఆజ్ఞ ఇచ్చే భాగం అలవాటుకు తగ్గట్టు ఎడమవైపుకు ఒరిగింది. పనిని ముందుగా ప్లాన్ చేసే భాగాలు మాత్రం పుట్టు ఎడమవాటం వాళ్లలో లాగే కుడివైపు ఎక్కువ పనిచేస్తున్నాయి. దశాబ్దాల రాత కూడా వాటిని కదిలించలేదు. మీరు వీధిలో తడుముకోవడం ఇందువల్లే అని నేను చెప్పలేను, కుడిచేతివాళ్లు కూడా చాలామంది తడుముకుంటారు.

శీనుగారి గాంధీగారి మాటకు కూడా ఇక్కడే జవాబు. 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు ఓడలో వెళ్తూ ఆయన హింద్ స్వరాజ్ రాశారు. 275 పేజీల రాతప్రతిలో నలభై దాకా ఎడంచేత్తో రాశారంటారు, కుడిచెయ్యి అలిసిపోయినప్పుడు. పెద్ద వయసులో కూడా సాధనతో రెండో చేతికి రాత వస్తుందనడానికి సాక్ష్యం అది. ఆయన ఎడమచేతివాడు అయిపోయాడని కాదు. జూరిచ్‌లో కుడిచెయ్యి విరిగి కట్టు కట్టించుకున్న కుడివాటం వాళ్లు పదిమందిని 2012లో పరీక్షించారు. రెండు వారాలకే ఎడంచేతి నేర్పు పెరిగింది, కదలని చేతికి సంబంధించిన మెదడు పొర కొంచెం పలచబడింది. మెదడు అంత తొందరగా స్పందిస్తుంది. కట్టు విప్పాక వాళ్లు మళ్లీ కుడిచేత్తోనే కాఫీ కప్పు అందుకుని ఉంటారు.

బ్రాడీపేట పంతులు

అమ్మాయీ, మార్చాలా వద్దా అనేది అటుంచు. ఎడంచేత్తో రాసేవాడికి రాయడం ఎలాగో ఎవరూ నేర్పరు, అక్కడే పిల్లలు నలిగిపోతారు. మిస్‌కి కుడిచేతి పద్ధతే తెలుసు, అదే చెప్తుంది, వీడు మణికట్టు వంకీ తిప్పి పైనుంచి రాస్తాడు. చూసినవాళ్లు "ఎడంచెయ్యి కాబట్టి వంకర" అంటారు. ఎడంచెయ్యి వల్ల కాదు. కాగితం పెట్టిన తీరు వల్ల.

నోటుబుక్కు బాబు ఎదురుగా నడిమికి కాకుండా కాస్త ఎడమపక్కకి జరుపు. పై అంచు కుడివైపుకి వాలేలా తిప్పు, అంటే మనం పెట్టుకునే దానికి సరిగ్గా ఎదురు. చెయ్యి గీత కింద ఉండాలి. పెన్సిల్ మొనకి మనకంటే కాస్త పైగా పట్టుకోమను, అప్పుడు రాసింది కనిపిస్తుంది, చెయ్యి రాత మీద రుద్దుకోదు. దీపం కుడివైపు నుంచి పడాలి. బడిలో బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టమని అడుగు, మోచేతులు తగులుకోవు. నోరు తెరిచి అడగాలి, ఎవరూ తామంతట తాము చెయ్యరు.

తెలుగు అక్షరాల దగ్గర ఒక చిన్న ఇబ్బంది ఉంది. తలకట్టు పెట్టేటప్పుడు మన కుడిచెయ్యి ఒంటి నుంచి బయటికి పోతుంది, తేలిగ్గా జారుతుంది. వాడి చెయ్యి ఒంటివైపుకి తోసుకుంటూ రావాలి. కొత్తలో తలకట్టు మొండిగా, చీలినట్టు వస్తుంది. సున్నా కూడా మనకి ఎదురు దిక్కులో చుడతాడు. చుట్టనీ, సున్నా సున్నాయే. ఎదురుగా కూర్చుని రాసి చూపించు, పక్కన కూర్చుని కాదు. అద్దంలో చూసినట్టు వాడికి నీ కుడిచెయ్యి సరిపోతుంది. అక్షరాలు తిరగేసి రాస్తే కంగారు పడకు, ఈ వయసులో కుడిచేతి పిల్లలూ రాస్తారు.

అన్నం కుడిచేత్తోనే తిననీ. తీర్థం, ప్రసాదం కుడిచేత్తోనే పట్టనీ. ఎప్పుడో అలవాటైపోయింది, వాడికి ఇబ్బంది లేదు, అత్తగారికి తృప్తి. ఆవిడ సాధించినదాన్ని కాదనక్కర్లేదు.

సత్యనారాయణపురం అమ్మ

పంతులుగారూ, కాగితం తిప్పి పెట్టడం ఈ రోజే చూశాను. మణికట్టు దానంతటదే నిటారుగా వచ్చింది! మీరు అన్నం మాట చెప్పారనగానే అత్తయ్యగారు మెత్తబడ్డారు. మిస్‌తో కూడా మాట్లాడతాను. ఎడంచేతి కత్తెర బెజవాడలో ఎక్కడ దొరుకుతుంది?

అరండల్‌పేట అక్క

ఏలూరు రోడ్డు స్టేషనరీ షాపుల్లో అడిగి చూడండి, లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. కొనేటప్పుడు ఒకటి చూడండి. పట్టుకునే రింగులు మాత్రమే ఎడంచేతికి సరిపోయేలా చేసి, బ్లేడ్లు కుడిచేతివే పెట్టి అమ్ముతారు, అది పనికిరాదు. తెరిచి ముందుకు చాపి పట్టుకుంటే పైన ఉండే బ్లేడు ఎడమవైపు ఉండాలి. అప్పుడే వేళ్ల ఒత్తిడికి బ్లేడ్లు దగ్గరికొస్తాయి, గీసిన గీత కనిపిస్తుంది. మామూలు కత్తెర ఎడంచేత్తో పడితే బ్లేడ్లు విడిపోయి కాగితం మధ్యలో మడత పడుతుంది. మీవాడు కుడికి మార్చుకున్నది అందుకే.

నల్లపాడు నాన్న (గుంటూరు)

కొత్తగా చేరాను, చర్చ మొత్తం చదివాను. మా పాపకి తొమ్మిది నెలలు. అంతా ఎడంచేత్తోనే. బొమ్మ కుడివైపు పెట్టినా ఒళ్లు తిప్పి ఎడంచేత్తోనే అందుకుంటుంది. కుడిచెయ్యి ఎక్కువసేపు గుప్పిట మూసే ఉంచుతుంది. మా ఇంట్లో అందరూ "సవ్యసాచి పుడుతుందనుకుంటే పుర్రచెయ్యి పుట్టింది" అని నవ్వుకుంటున్నాం. ఇంత చిన్నప్పుడే వాటం తెలిసిపోతుందా? మేము కూడా వదిలేస్తే సరిపోతుందా?

ఫిజియో లక్ష్మీపురం

నాన్నగారూ, పై చర్చ మీ పాపకి వర్తించదు. దయచేసి వదిలేయకండి.

ఏడాది లోపు పిల్లలు రెండు చేతులూ వాడాలి, కొంచెం మొగ్గున్నా సరే. ఒక్క చేతినే వాడుతూ, రెండోది గుప్పిట మూసి ఉంచుతుంటే అది వాటం కాకపోవచ్చు. ఆ రెండో చెయ్యి బలహీనంగా ఉండి ఉండొచ్చు, భుజం దగ్గర నరాల వల్ల గాని, మెదడులో ఒక పక్క కారణం వల్ల గాని. చూడకుండా ఏదీ చెప్పలేం, ఏమీ లేకపోనూవచ్చు. కానీ పిల్లల డాక్టర్‌కి ఈ వారంలోనే చూపించండి, టీకా తేదీ దాకా ఆగొద్దు. కాన్పు కష్టమైందా, నెలలు నిండకుండా పుట్టిందా, కుడికాలు కూడా తక్కువ ఆడిస్తోందా అని అడుగుతారు, గుర్తు చేసుకుని వెళ్లండి. పాప ఆడుకుంటున్నప్పుడు ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్లండి, ఆసుపత్రిలో పిల్లలు ఏడుస్తూ చెయ్యి చూపించరు.

నిజంగా బలహీనతే అయితే సాధనకు అక్కడ చాలా విలువ ఉంది. బలమైన చేతికి రోజూ కొంతసేపు మెత్తటి తొడుగు వేసి, రెండో చేతితో ఆడించే థెరపీ ఉంది. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిది. ఇంట్లో సొంతంగా చెయ్యి కట్టేయడం మాత్రం చెయ్యకండి, థెరపిస్టు చూపించాకే.

నల్లపాడు నాన్న

అవునండీ, నెలలు నిండకుండానే పుట్టింది. కాలు సంగతి మేము గమనించలేదు, ఇప్పుడు చూస్తే కుడికాలు కూడా కొంచెం తక్కువే ఆడిస్తోంది. వీడియో తీశాం. రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం, ఏం చెప్పారో వచ్చి రాస్తాను.